అక్క అవునన్న శబ్దం

హోటలు వాళ్ళు పై అంతస్తు గదుల్లో మంచాలన్నీ తీసేసి ఎక్కడో దాచేశారు. మంచం ఉండాల్సిన చోట ఇప్పుడు ఏ గదిలో చూసినా మనిషెత్తు స్పీకర్లు రెండు, వాటి మధ్య గోడవారగా మెరుస్తున్న యంత్రాలు, ఎదురుగా కుర్చీలు. నడవ పొడవునా తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. ఒక గదిలోంచి పియానో, ఇంకో గదిలోంచి డ్రమ్ములు, మరో గదిలోంచి ఎవరో ఆడమనిషి ఆలాపన వచ్చి నడవలో కలిసి, ఏది ఏదో తెలియని కలగాపులగం.

ఖరీదైన స్పీకర్ల ప్రదర్శన అంటే ఇదే. తయారుచేసేవాళ్ళు తెచ్చి పెడతారు, ఇష్టమున్నవాళ్ళు వచ్చి వింటారు. కొనేవాళ్ళు కొందరు, నిట్టూర్చేవాళ్ళు అందరూ. ప్రతి గదిలోనూ అన్ని కుర్చీల్లోకి నడిమి కుర్చీకే గౌరవం. రెండు పెట్టెల శబ్దమూ సమానంగా వచ్చి కలిసేది అక్కడే. అందులో కూర్చున్నవాడు ఒక పాట అయ్యాక లేచి ఇంకొకరికి చోటివ్వటం మర్యాద. లేవకపోతే వెనకనుంచి దగ్గులు వినపడతాయి. కళ్ళు మూసుకున్నవాళ్ళంతా వింటున్నట్టు కాదని కూడా ఇక్కడ అందరికీ తెలుసు. కొందరు గుర్రు పెట్టి మరీ దొరికిపోతుంటారు.

తీర్పు చెప్పేవాళ్ళు ముగ్గురు. పెద్దాయన ఒకప్పుడు రికార్డింగు స్టూడియో నడిపాడు. ఇంకొకావిడకి పాత రికార్డుల షాపు ఉంది. మూడో మనిషి రేడియోలో సౌండు ఇంజనీరు. ఈ కథ అతనిది. అతన్ని అందరూ వెనకాల చెవులపిల్లి అంటారు. కొందరు ముందర కూడా అంటారు. అతను ఏమీ అనుకోడు. ఆ పేరు పెట్టింది సొంత అక్క. చిన్నప్పుడు పక్కింట్లో గిన్నె పడితే, అది ఇత్తడిదో స్టీలుదో చెప్పేవాడట. నలుగురిలోకి మోసుకొచ్చింది మాత్రం బావ.

“వచ్చారు, ఏసీ ఆపు!” తీర్పరుల్లో ఎవరు గుమ్మంలో కనపడ్డా ప్రతి గదిలోనూ మొదట వినపడే మాట ఇది. ఏసీ హోరు సంగీతంలో కలవకూడదని. అందుకే తీర్పరులు రోజంతా చెమటలు కక్కుతూ సంగీతం వింటారు. ఆ పొద్దున ఒక గదిలో స్పీకర్ల తీగలు నేలకి తగలకుండా వరసగా చిన్న చిన్న చెక్కపీటల మీద నిలబెట్టారు.

“నేలకి తగిలితే సౌండు మురికైపోతుందండీ,” అన్నాడు గది ఆసామి.

“పీటలేసి కూర్చోబెట్టారు. ఇక మంచినీళ్ళిచ్చి మర్యాద చేయటమే తక్కువ,” అంది అప్పటికే అక్కడున్న రికార్డుల షాపు ఆవిడ.

మామూలుగా అయితే అతను నవ్వేవాడే. ఆ రోజు నడవ చివర గది మీదే మనసంతా ఉంది. అక్కడ బావ ఉన్నాడు.

మొదటి గదికి వెళ్ళకముందే పెద్దాయనతో చెప్పేశాడు.

“ఆ చివరి గది మా బావదండీ. నన్ను తప్పించండి.”

“దాయాది చావ కోరతాడు, బావమరిది బతక కోరతాడు అంటారు కదయ్యా. నీ భయం నాకర్థమైంది,” అన్నాడు పెద్దాయన నవ్వుతూ. తరువాత నవ్వు తగ్గించాడు. “ఆ గదికి నువ్వు మార్కులు వేయొద్దు. మేమిద్దరం వేస్తాం. కానీ మాతో కూర్చుని వినాలి, ప్రదర్శన వాళ్ళ పత్రికలోకి నాలుగు వాక్యాలు రాయాలి. అన్ని గదులకీ రాసేది నువ్వే. ఒక్క గదికి రాయకపోతే అది అందరికీ కనపడుతుంది.”

అతను తలూపి మొదటి గది వైపు నడిచాడు.

బావ స్పీకరు పెట్టెలు చేయటం మొదలుపెట్టి చాలా ఏళ్ళయింది. ఇంటి వెనక రేకుల షెడ్డులో చెక్క కోస్తాడు, నున్నగా చేస్తాడు, లోపల తీగలు అతుకుతాడు. పెట్టె చేసేది బావే అయినా దాని గొంతు సరిచేసేది అక్క. ఆమెకి ఆ చదువేమీ లేదు. కుర్చీలో కూర్చుని, పెట్టెల వైపు కాకుండా కిటికీ వైపు చూస్తూ వినేది. బావ లోపల చిన్న ముక్క ఏదో మార్చి, అదే పాట మళ్ళీ వేసేవాడు. ఆమె “కాదు” అనేది. మళ్ళీ మార్చేవాడు. “కాదు.” ఒక్కోసారి మాటలు చేర్చేది. గొంతు పెట్టెలోపలే నిలబడిపోయింది, బయటికి రమ్మను. ఆ మనిషి జలుబు చేసినట్టు పాడుతున్నాడు. చివరికి ఎప్పుడో “అవును” అనేది. ఆ అవును వచ్చాక బావ లోపలి అతుకుల మీద లక్క వేసి మూసేసేవాడు. మళ్ళీ తెరిచేవాడు కాదు.

“మీ అక్కని పెళ్ళి చేసుకున్నాననుకున్నాను గానీ, ఇన్‌స్పెక్టర్‌ని ఇంట్లో పెట్టుకున్నానోయ్,” అని అతనితో అంటుండేవాడు బావ, ఆమెకి వినపడేట్టు.

“వినపడుతోంది. ఆ గొంతులో కూడా బాస్ ఎక్కువైంది,” అనేది అక్క లోపల్నుంచి.

ఇప్పుడు ప్రదర్శనకి తెచ్చిన ఈ కొత్త జత పని మొదలయ్యేసరికి అక్క మంచం పట్టింది. మంచం షెడ్డులోకి వెళ్ళలేదు కనక షెడ్డే గదిలోకి వచ్చింది. బావ రెండు పెట్టెలనీ మంచానికి ఎదురుగా నిలబెట్టాడు. వెలుతురు చూస్తే ఆమెకి తలనొప్పి వచ్చేది, అందుకని కిటికీలకి మందపాటి తెరలు వేశారు. అడుగుల చప్పుడుకి ఉలిక్కిపడేది, అందుకని నేలంతా తివాచీ పరిచారు. మంచం మీద రెండు పరుపులు, చుట్టూ దిండ్లు, గోడవారన మడతపెట్టిన దుప్పట్ల దొంతర. పక్కనే గాలి అందించే మిషను. ఆ గదిలోనే ఒక్కో ముక్కా మారుస్తూ బావ పాట వేసేవాడు, ఆమె కళ్ళు మూసుకుని చెప్పేది.

“ఇంకా మసకగా ఉంది.”

మార్చేవాడు.

“ఊహూఁ. గొంతు మీద దుప్పటి కప్పినట్టుంది. తీసెయ్.”

మళ్ళీ మార్చేవాడు. చివరికి ఒక సాయంత్రం “అవును” అంది. ఆ తరువాత “ఈ జతని నలుగురిలో పెట్టు. ఎప్పుడూ షెడ్డులోనే అమ్ముకుంటావు, నలుగురూ వినద్దూ?” అంది. తెల్లారి ఆమె మాట్లాడలేదు. ఆ పైన ఎక్కువ రోజులు లేదు.

అతను ఆ సాయంత్రం అక్కడే ఉన్నాడు. ఆ అవును తన చెవులతో విన్నాడు.

బావ ఇప్పటిదాకా ఏ ప్రదర్శనకీ వెళ్ళినవాడు కాదు. అక్క మాట కోసం ఈ గది తీసుకున్నాడు. పెద్ద షాపున్న డీలర్ ఒకాయన, తీర్పరులు మెచ్చినవాటి జాబితాలో పేరు వస్తే ఆ మోడల్ తన షాపులో పెడతానన్నాడు. రాకపోతే షెడ్డుకి తాళం వేసేస్తానని బావ ఒకటికి రెండుసార్లు చెప్పాడు. ఉత్త బెదిరింపు కాదది. ఇక ముందు చేసే పెట్టెలకి అవుననటానికి ఇంట్లో ఎవరూ లేరు. ఉన్న ఈ ఒక్క జతైనా జనం మధ్య నిలబడితే, ఆమె పెట్టిన చెవి వృథా పోలేదనుకుని బతకొచ్చు. అదీ ఆయన లెక్క.

మధ్యాహ్నం ముగ్గురూ కలిసి వెళ్ళి మార్కులు వేసేముందు, పొద్దున ఎవరికి వాళ్ళు మామూలు జనంలా ఒక చుట్టు తిరిగి రావటం అలవాటు. అతను నడవ చివరికి వెళ్ళేసరికి ఆ గదిలోంచి ఇద్దరు బయటికొస్తున్నారు. ఎదురొచ్చినవాడు అడిగాడు:

“లోపలెలా ఉంది?”

“వెళ్ళి చూడు. చెవులు మాత్రం బయట పెట్టి వెళ్ళు.”

అతను పక్కకి తొలిగి వాళ్ళకి దారిచ్చాడు.

గదిలో బావ ఇస్త్రీ చొక్కా వేసుకుని గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. కాలరు దగ్గర మడత సరిగ్గా పడలేదు. అది చూసి చెప్పేవాళ్ళు లేరని అతనికి వెంటనే తోచింది. గది నిండా ఖాళీ కుర్చీలు. ఒక్క ముసలాయన మాత్రం చివరి వరసలో బిస్కెట్టు తింటున్నాడు.

“రావోయ్. కూర్చో. నడిమి కుర్చీ నీకోసమే ఖాళీగా పెట్టాను,” అన్నాడు బావ. అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు.

అతను తన రికార్డింగులు వేయించాడు. తీర్పరులు ముగ్గురూ ఎక్కడికి వెళ్ళినా అవే మూడు వేయిస్తారు. వాళ్ళలో వాళ్ళు వాటిని మాట, దెబ్బ, గుంపు అనుకుంటారు. మాట అంటే వాద్యాలేమీ లేకుండా ఒకావిడ చదివే నాలుగు వాక్యాలు. దెబ్బ అంటే ఒక్క డ్రమ్ము. గుంపు అంటే వాద్యాలన్నీ కలిసి ఒక్కసారిగా.

మాట మొదలైంది. గొంతు అడుగు భాగం ఎంత నిండుగా ఉందంటే, ఆవిడ ఎదురుగా కూర్చుని ఊపిరి తీసుకుంటున్నట్టే ఉంది. కానీ ‘స’ వచ్చిన ప్రతిసారీ పలక మీద గోరు గీసినట్టయింది. ‘ష’ వచ్చినప్పుడు అతని భుజాలు వాటంతటవే పైకి లేచాయి. వెనక ముసలాయన బిస్కెట్టు పొట్లం మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

అతను లేచి గది మధ్యలో నిలబడి చప్పట చరిచాడు. కొత్త గదిలో తీర్పరులు చేసే పని అది. గది తిరిగి ఏమంటుందో వింటారు. టంగుమంది. ఒక గోడ మొత్తం అద్దాల కిటికీ. మిగతావి బోసిగోడలు. నేల పలకరాయి. మంచం, పరుపు, తెరలు ఏవీ లేవు. మంచం తీసేసిన గదిలో మెత్తనిది ఏముంటుంది?

అప్పుడు అతనికి అర్థమైంది. అర్థం కాకపోతే బాగుండేదనిపించింది.

అక్క చెవి తప్పలేదు. ఆమె పడుకున్న గదిలో తెరలు, తివాచీ, పరుపులు, దుప్పట్లు అన్నీ కలిసి పై స్వరాలని మింగేశాయి. మసకగా ఉందని ఆమె అన్నది నిజం. బావ పై స్వరాలని పెంచుకుంటూ పోయాడు, ఆమె అవుననేదాకా. ఆ గదికి ఆ అవును గురి తప్పని అవును. అలాంటి గది ఇంకెవరి ఇంట్లో ఉంటుంది? ఎవరు కోరుకుంటారు?

బావ ముఖంలోకి చూశాడు. బావ పెట్టెల వైపు చూస్తున్నాడు.

“ఎలా ఉంది?” అన్నాడు.

“గది కొంచెం గట్టిగా ఉంది బావా.”

“గది,” అన్నాడు బావ.

భోజనాల వేళ గదులన్నీ మూసేశారు. ఆ తరువాత తీర్పరుల వంతు. అతను తినటానికి వెళ్ళలేదు. మెట్ల పక్కన హోటలు వాళ్ళు పరుపులు దాచిన గది కనిపెట్టి, అక్కడ దుప్పట్లు లెక్క చూసుకుంటున్న ఆవిడని బతిమాలాడు.

“నిన్న వీళ్ళంతా మా ప్రాణాలు తీసి మంచాలు మోయించారు. ఇవాళ మీరొచ్చి పరుపు కావాలంటారు. పిచ్చి మాకా మీకా, ముందది తేల్చండి,” అందావిడ.

“మాకేనండీ,” అన్నాడతను.

ఆవిడ నవ్వి తాళం తీసింది. మాసినవి ఇస్తాను, తెల్లవి ముట్టుకోవద్దంది. గోడలకి మెత్తలు, తెరలు కట్టుకోవటం ప్రదర్శనలో తప్పేమీ కాదు. చాలా గదుల్లో కట్టుకున్నారు. తీర్పరి వచ్చి మోయకూడదన్న రూలు మాత్రం, ఏ కాగితం మీదా లేకపోయినా, ఉన్నట్టే లెక్క. అతను పరుపు వీపున వేసుకుని, ఇంకో విడత బొంతలూ దిండ్లూ మోసుకుని, ఎవరైనా చూస్తారేమోనని నడవలో గోడవారగా నడిచాడు.

ఇద్దరూ కలిసి పరుపుని అద్దం గోడకి ఆనించారు. బొంతలు రెండు పక్కగోడకి వేలాడదీశారు. ఒకటి నేలమీద పరిచారు. మిగిలిన దిండ్లని మూలల్లో పేర్చారు. పని చేస్తున్నంతసేపూ అతను మాట్లాడుతూనే ఉన్నాడు. ఇది ఇక్కడ పెట్టు బావా, అది కాస్త కిందికి, చూడు ఎలా మారిపోతుందో. చేతులకి పని దొరికితే మనిషికి ఆశ కూడా దొరుకుతుంది. చప్పట చరిచాడు. దూదిలో పడ్డట్టు పడింది.

“కూర్చో,” అన్నాడు.

బావ నడిమి కుర్చీలో కూర్చున్నాడు. అతను పక్కన నిలబడి మాట వేశాడు.

ముల్లు తీసేసినట్టయింది. ‘స’ ఉంది, ఎంత ఉండాలో అంతే ఉంది. గొంతు పెట్టెల్లో లేదు, గోడ దగ్గర లేదు, రెండింటికీ మధ్య గాలిలో నిలబడి, ఎవరో నిజంగా చదువుతున్నట్టుంది. ఇన్నేళ్ళుగా ఇన్ని హోటళ్ళలో కూర్చున్నాడు గానీ మనిషి గొంతు ఇంత దగ్గరగా రావటం అతను రెండుమూడుసార్లకి మించి వినలేదు. జాబితాలో పేరు రావటం కాదు, మొదటి పేరు ఇదే అవుతుంది. సంతోషంతో బావ వైపు తిరిగాడు.

బావ అరచేతులు రెండూ మోకాళ్ళ మీద పెట్టుకుని అద్దానికి ఆనించిన పరుపునే చూస్తున్నాడు. తెరలు లేని చోట పరుపు అడ్డం వచ్చి గదిలో వెలుతురు తగ్గింది. ఆ మసక వెలుతురులో మూలనున్న దిండ్లు, వేలాడుతున్న బొంతలు.

“ఆపు,” అన్నాడు బావ.

“ఇంకొక్క వాక్యం విను బావా...”

“ఆపవోయ్.”

ఆపాడు.

“ఇదే. అచ్చు ఇలాగే ఉండేది,” అన్నాడు బావ. “మిషను చప్పుడొక్కటే తక్కువ.”

బావ లేచి పరుపు అంచు పట్టుకుని లాగాడు. అది తూలి కుర్చీల మీద పడింది. వెలుతురు ఒక్కసారిగా గదిలోకి వచ్చింది. బావ బొంతలు కూడా లాగేశాడు. కోపంగా కాదు, ఎవరో నిద్రపోతున్నచోట పక్క సర్దినట్టు, నెమ్మదిగా లాగి, మడతలు పెట్టి మరీ తలుపు బయట పెట్టాడు.

“రెండు గంటలు ఓర్చుకో బావా. వాళ్ళొచ్చి విని వెళ్ళేదాకా. నువ్వు నడవలో నిలబడు, నేను చూసుకుంటాను.”

“అక్కడ సంవత్సరం కూర్చున్నాను. మళ్ళీ ఆ గదిని నేను కట్టలేను. ఇంకొకళ్ళని తెచ్చి అందులో కూర్చోబెట్టలేను. వద్దు.”

అతనికి ఇక మిగిలింది ఒకటే దారి. అది చెప్పటానికి గోడవైపు తిరగాల్సి వచ్చింది.

“అయితే లోపలున్న ఆ చిన్న ముక్క, రెసిస్టర్, అది మార్చు. పై స్వరాలు తగ్గుతాయి. ఎంతసేపు పని?”

బావ జేబులోంచి ఏదో తీసి అరచేతిలో చూపించాడు. చిక్కుడు గింజంత తెల్లటి ముక్కలు రెండు, ఒక్కో పెట్టెకి ఒకటి.

“నిన్న సాయంత్రం ఈ గదిలో మొదటి పాట వేసినప్పుడే వినపడింది. నేనేం చెవిటివాణ్ణి కాదు. పొద్దున్నే బజారుకెళ్ళి తెచ్చాను. అతుకులు కరిగించే ఇనుము కూడా వేడి చేసుకున్నాను. లక్క గీకటానికి చెయ్యి రాలేదు.” పెట్టెల వైపు చూశాడు. “ఆమె అవునన్నాక నేనెప్పుడూ తెరవలేదు. నేనుగా తెరవను. కానీ నువ్వున్నావు కదా. మీ ఇద్దరివీ ఒకే చెవులు. నువ్వు కాదను. కాదన్నావంటే ఇప్పుడే మార్చేస్తాను.”

“నేనా?”

“నువ్వే. రోజంతా నువ్వు చేసే పని అదేగా.”

అది నిజమే. ఇన్నేళ్ళుగా గది గదికీ వెళ్ళి, ముఖం కూడా తెలియనివాళ్ళ కష్టాన్ని ఇది కాదు, అది కాదు అని తేల్చేసి వచ్చాడు. ఒక్కరోజు కూడా గొంతు తడబడలేదు. ఇప్పుడు చెప్పాల్సింది ఆ ఒక్కమాటే. చెబితే బావ మారుస్తాడు. మారిస్తే పేరొస్తుంది, డీలర్ తీసుకుంటాడు, షెడ్డు నిలబడుతుంది. ఆమె కోరిందీ అదే, నలుగురూ వినటం. అన్నీ ఒకవైపే ఉన్నాయి.

నోరు తెరిచాడు. కళ్ళ ముందు తెరలు వేసిన గది, దిండు మీద పక్కకి వాలిన తల, ఎండిన పెదవులు ఆ మాట కోసం కూడదీసుకున్న ఊపిరి. దానికి ఎదురు చెప్పాలి. చెప్పి, లక్క గీకించి, ఆ చివరి అవునుని ఇనుముతో కరిగించి తీయించాలి.

“బావా,” అన్నాడు. అంతే వచ్చింది.

బావ ఎదురుచూశాడు. ఆయన ముఖంలో కూడా, చెప్పమన్న కోరికా చెప్పొద్దన్న కోరికా రెండూ ఉన్నాయి.

గుమ్మంలో అడుగులు వినపడ్డాయి. “ఏమయ్యా, భోజనం కూడా మానేసి బావతో ముచ్చట్లా? సరే, ఈ చివర్నుంచే మొదలుపెడదాం,” అంటూ పెద్దాయన లోపలికొచ్చాడు. వెనకే రికార్డుల షాపు ఆవిడ. తలుపు బయట పరుపు, బొంతల దొంతర ఆవిడ కంట పడ్డట్టుంది, దాన్ని దాటుకుని వచ్చి కూర్చుంది.

బావ పిడికిలి మూసి జేబులో పెట్టుకున్నాడు. ఏసీ ఆపాడు.

పెద్దాయన నడిమి కుర్చీలో కూర్చున్నాడు. మాట మొదలైంది. రెండో వాక్యంలోనే ఆవిడ పెన్ను పట్టుకున్న చేత్తో చెవి తడుముకుంది. దెబ్బ అయ్యింది. గుంపు మొదలై వాద్యాలన్నీ ఒక్కసారిగా లేచినచోట పెద్దాయన చెయ్యెత్తాడు. ఆపమని సైగ. గుంపు మధ్యలో చెయ్యెత్తటమంటే ఏమిటో ఆ అంతస్తులో తెలియనివాళ్ళు లేరు.

“అడుగు స్వరాలు అద్భుతంగా ఉన్నాయండీ,” అన్నాడు పెద్దాయన. మర్యాద తెలిసిన మనిషి. “పైనే కాస్త మోతాదు మించింది. తగ్గించటం పెద్ద కష్టం కాదేమో?”

“కష్టం కాదండీ,” అన్నాడు బావ.

“మరి తగ్గించచ్చు కదా?”

“తగ్గించనండీ.”

పెద్దాయన కనుబొమలు ముడిచాడు. ఇదేదో మొండితనం అనుకున్నాడు. ఇలాంటివాళ్ళని ఆయన చాలామందిని చూశాడు. తన పెట్టె కాదు, లోకం చెవులే బాగాలేవనేవాళ్ళు. అలాగేనండీ అని లేచాడు. నాలుగు మాటలు చెబితే ఆ అపోహ పోతుందని అతనికి తెలుసు. చెప్పటానికి ముందుకు వంగాడు కూడా. బావ తల చాలా కొద్దిగా అటూ ఇటూ కదిలింది.

అతను మళ్ళీ వెనక్కి ఆనుకున్నాడు.

నడవలోకి వచ్చాక ఆవిడ వెనకబడి, మెల్లగా అడిగింది.

“మీకేదో తెలుసు. కదండీ?”

“తెలుసు.”

“చెబితే మేం విన్నది మారుతుందా?”

అతను ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు, ఏ మూలైనా మారే వీలుంటుందేమోనని.

“మారదండీ.”

“అయితే చెప్పకండి. చెబితే మార్కులు వేయటం నాకు కష్టమవుతుంది,” అందావిడ, అతని మోచేతిని ఒక్కసారి తాకి.

మిగతా గదులన్నీ విన్నాక కింద హాల్లో కూర్చుని అన్ని గదులకీ వాక్యాలు రాశాడు. చివరి గది దగ్గర పెన్ను ఆగింది. ‘పై స్వరాలు చెవిని గుచ్చుతున్నాయి’ అని రాశాడు. కొట్టేశాడు. ‘ఈ గదిలో’ అని ముందు చేర్చి మళ్ళీ రాశాడు. ఏ గదిలో గుచ్చవో రాయటానికి వాక్యం రాలేదు. అడుగు స్వరాల గురించి, మనిషి గొంతు గురించి తను విన్నదంతా రాశాడు. ఎంత బాగా రాసినా మొదటి వాక్యం మొదటి వాక్యమే. చదివేవాడు అక్కడే ఆగిపోతాడు.

సాయంత్రం జాబితా పెట్టారు. జనం మూగారు. తీగలకి పీటలేసినాయన పేరుంది. బావ పేరు లేదు.

డీలర్ అతన్ని పక్కకి పిలిచాడు. “మీ బావగారి సరుకు మీద నాకు మనసుందండీ. చెక్కపని చూస్తేనే తెలుస్తోంది. ఆ పై గోల ఒక్కటి తగ్గిస్తే జాబితా సంగతి వదిలేసి తీసుకుంటాను. తగ్గిస్తారా?”

“తగ్గించడండీ.”

“ఎందుకని?”

“ఆయనకి అలాగే సరిపోయిందండీ.”

“ఆయనకి సరిపోతే చాలదు కదండీ, కొనేవాళ్ళకి సరిపోవాలి. మీరు చెప్పి చూడకూడదూ? మీ మాట వింటారు.”

“వింటాడండీ,” అన్నాడతను. “అదే నా భయం.” ఇంకెవరో పలకరిస్తే డీలర్ అటు తిరిగాడు.

పైకి వెళ్ళేసరికి బావ పెట్టెలని కట్టేశాడు. కుర్చీలన్నీ గోడవారన పేర్చి ఉన్నాయి. జాబితా గురించి అడగలేదు. అప్పటికే ఎవరో చెప్పి ఉంటారు.

“ఏం రాశావు?” అన్నాడు.

అతను రాసింది ఉన్నదున్నట్టు చెప్పాడు. బావ పూర్తిగా విని తలూపాడు.

“సరిగ్గానే రాశావు. గొంతు సంగతి బాగా రాశావు.”

“ఎక్కడ పెడతావు బావా వీటిని?”

“అదే చూస్తున్నాను. ఆ గదిలో అయితే నేను వినలేను. ఇంకెక్కడైనా అయితే ఎవరూ వినలేరు.” తాడు ముడి ఇంకోసారి బిగించాడు. “పట్టు. నీ వైపు బరువెక్కువ. నడుం జాగ్రత్త.”

ఇద్దరూ చెరోవైపు పట్టుకుని మొదటి పెట్టెని నడవలోకి తెచ్చారు. అన్ని గదులవాళ్ళూ సర్దుకుంటున్నారు. సంగీతం ఎక్కడా లేదు. టేపు చింపిన చప్పుళ్ళు, చక్రాల బళ్ళు, ఎవరో ఎవరినో కేకేయటం. లిఫ్టు ముందు పెట్టెని నిలబెట్టి ఇద్దరూ దానికి చెరోపక్క నిలుచున్నారు. లిఫ్టు వచ్చింది. లోపల ఇంకెవరివో పెట్టెలు, మనుషులు కిక్కిరిసి ఉన్నారు. “చోటు లేదండీ, మళ్ళీ పంపిస్తాం,” అన్నారెవరో. తలుపులు మూసుకున్నాయి. బావ బొత్తాం మళ్ళీ నొక్కాడు. అతను పెట్టె పడిపోకుండా దాని మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.